ఇత్తడి టోకెన్ నుంచి ‘పరివర్తన్’ దాకా

నలభై దాటినవాళ్లకు బ్యాంకు ఇత్తడి టోకెన్ గుర్తుండే ఉంటుంది. విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చి, నంబరున్న బిళ్ల తీసుకుని బెంచీ మీద కూర్చోవాలి. ఫారం లెడ్జర్ గుమాస్తాను దాటి, ఆఫీసరు సంతకం పడి, క్యాషియర్‌కు చేరేది. ఈలోగా టీ టైమైందా, అంతే సంగతులు. తప్పంతా గుమాస్తాదే అనుకునేవాళ్లం. ఖాతాదారు గురించి అతనికి మాత్రం పైనుంచి ఎవరేం చెప్పారు?

1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినప్పుడు ప్రభుత్వం అప్పజెప్పిన పని ఐదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవడం. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాకా అదే లెక్క: ఎన్ని ఊళ్లు, ఎన్ని శాఖలు. వచ్చినవాడు మళ్లీ వస్తాడా అన్న ప్రశ్న పెద్దగా లేదు.

ఆ ప్రశ్న గట్టిగా వేసింది 1969లో స్టేట్ బ్యాంకు ఛైర్మన్ అయిన ఆర్.కె. తల్వార్. అహ్మదాబాద్ ఐఐఎం సాయంతో 70ల మొదట్లో బ్యాంకును ఖాతాదారును బట్టి విడగొట్టారు. రైతుకు ఒక విభాగం, చిన్న పరిశ్రమకు ఒకటి, పెద్ద వ్యాపారానికి ఒకటి, మామూలు జనానికి ఇంకొకటి. అప్పటికి చాలా ముందుచూపున్న పని. కానీ నా లెక్కలో టేబుళ్లు మారినంతగా వాటి వెనక కూర్చున్న మనిషి మారలేదు. ఎమర్జెన్సీలో, 1976లో, చట్టాన్ని సవరించి మరీ తల్వార్‌ను తప్పించారు.

తర్వాత చాలాకాలం యథాతథం. 1991లో రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్, మన మైదవోలు నరసింహం కమిటీ బ్యాంకుల్లో పోటీకి తలుపులు తీయమంది. కొత్త ప్రైవేటు బ్యాంకులు వచ్చి జీతాల ఖాతాలు, ఇంటి అప్పులు ఎగరేసుకుపోయాయి.

2006లో స్టేట్ బ్యాంకు ఛైర్మన్ అయిన ఓ.పి. భట్ పద్ధతి వేరు. ముందు పై అధికారులను కూర్చోబెట్టి బ్యాంకు ఎంత వెనకబడిందో దాచకుండా చెప్పారు. యూనియన్లతో మాట్లాడారు. 2007లో ‘పరివర్తన్’ పేరుతో సుమారు 100 రోజుల్లో లక్షమందికి పైగా ఉద్యోగులను రెండేసి రోజుల శిక్షణకు పిలిచారు. ‘మీ బ్యాంకు ఇలా ఉంది, ఏం చేద్దాం?’ అన్నదే దాని సారం. బయటివాడికి అమ్మేముందు లోపలివాణ్ని ఒప్పించడం అన్నమాట. మేనేజ్‌మెంట్ వాళ్లు దీన్ని అంతర్గత మార్కెటింగ్ అంటారు. ఉత్తర్వు అందుకున్న గుమాస్తాకూ, సంగతి తెలిసిన గుమాస్తాకూ కౌంటర్ దగ్గర తేడా ఉంటుంది మరి.

అయితే ఖాతాదారు వైపు చూడమంటే జేబు వైపు చూడమని అర్థం చేసుకునే పైవాళ్లూ ఉంటారు. ఈమధ్య ఒక బ్యాంకులో లాకర్ అడిగితే, ముందు ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోమన్నారు. చెప్పిన అమ్మాయి నా మొహం వైపు చూడలేదు. ఆమె కీబోర్డు కింద ఆ నెల టార్గెట్ షీటు ఉంది, సగం గళ్లు ఖాళీగా.