తియ్యగా ఉంటే చాలా? తీరం ఊళ్ల మంచినీళ్లపై అపోహలు - వాస్తవాలు

కాపురం గుంటూరులో, పని రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు ఊళ్లలో. మంచినీటి పథకాలు ఆగకుండా నడిచేలా చూడటం నా ఉద్యోగం. 2022లో ఆ ఊళ్లు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి గానీ నీళ్ల సంగతిలో మారిందేమీ లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీళ్లు పశ్చిమ డెల్టా కాలువల్లో దిగి రావాలి, కాలువలు కట్టేసేలోపు ఊరి చెరువు నిండాలి. వేసవంతా ఆ చెరువే దిక్కు.

ఇక్కడ జనం నీళ్లను నాలుకతోనే పరీక్షిస్తారు. ఉప్పగా ఉంటే చెడ్డవి, తియ్యగా ఉంటే మంచివి. నేను విడదీయలేక సతమతమయ్యే గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

అపోహ: ఇంకో వంద అడుగులు దింపితే తియ్యటి నీళ్లు పడతాయి

మెట్ట ఊళ్లలో ఎలా ఉన్నా, సముద్రం పక్కన ఈ లెక్క తలకిందులు. వాన నీళ్లు, కాలువ ఊట ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంటాయి. ఉప్పునీళ్లు బరువు, మంచినీళ్లు తేలిక. ఆ బరువుల తేడా ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ మోటార్లు పెట్టి తోడి పైమట్టాన్ని ఒక్క మీటరు దించామా, అడుగునుంచి ఉప్పు ఆ 40 మీటర్లూ మెల్లగా పైకి ఎగబాకుతుంది. నేల పొరలను బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది గానీ, దిశ మాత్రం మారదు.

సూర్యలంక వైపు ఇసుక నేలల రైతులకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల పెద్దలు దొరువులు తవ్వుకున్నారు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పైన ఊరిన నీళ్లను కుండలతో ముంచి మొక్కలకు పోసేవారు. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుకలో చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, ఊటంతా ఒక బావిలోకి చేరేలా చేశారు. కిటుకల్లా పైపైన, నిదానంగా తోడుకోవడమే. ఈ నేలల్లో మూడో బోరుకి అప్పు చేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: టీడీఎస్ తక్కువుంటే శుభ్రమైన నీళ్లు

జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి, "చూడండి సార్, ప్లాంటు నీళ్లు 40, పంచాయతీ నీళ్లు 350" అంటారు. ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందన్నది. దాన్ని బట్టి కరిగిన లవణాలు ఎంతో అంచనా కడుతుంది, టీడీఎస్ అంటే అదే. క్రిములున్నాయో లేదో దానికి తెలీదు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా పేచీయే లేదు. వేరే ఆధారం లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటుంది. కాబట్టి 350 ఉన్న చెరువు నీళ్లకు ఆర్వో (సన్నటి పొర గుండా నీళ్లను నెట్టి ఉప్పు తీసే యంత్రం) అనవసరం, వడపోత, క్లోరిన్ సరిగ్గా ఉంటే చాలు. బోరు నీళ్లే గతై, అవి 2500 చూపిస్తే అక్కడ ఆర్వో పెట్టమని నేనే చెబుతాను.

అయితే ఆర్వో నుంచి బయటికొచ్చిన నీళ్లలో క్లోరిన్ మిగలదు. అక్కడి నుంచి ట్యాంకు, పైపు, క్యాను, వీటిలో ఎక్కడ క్రిమి చేరినా అడ్డుకునేది లేదు. ఆటోలో తిరిగొచ్చిన ఖాళీ క్యానులో కాసిని నీళ్లు పోసి ఊపి, పారబోసి మళ్లీ నింపేస్తారు. ఈసారి క్యాను మూతిలోకి వేలు పెట్టి రుద్ది చూడండి. జారుతుందంటే అది క్రిములు పట్టించిన పొరే.

ఆర్వో వదిలేసిన ఉప్పు నీళ్లు ఎటు పోతున్నాయని ఎవరూ అడగరు. 2500 ఉన్న నీళ్లలో సగం తాగడానికి తీసుకుంటే, మిగిలిన సగంలో ఉప్పు దాదాపు రెట్టింపు. అది పక్క మురుగు కాలువలోకి, అక్కణ్ణుంచి ఎవరి మాగాణిలోకో. ప్లాంటు పెట్టే రోజునే ఆ నీళ్లకు దారి కాగితం మీద రాయించుకోండి.

అపోహ: ఇసుక ఫిల్టరు మీద జిగురు పేరుకుంటే ఫిల్టరు పాడైనట్టు

ఊరి పెద్దలకు నచ్చజెప్పడానికి అన్నిటికన్నా కష్టమైంది ఇదే. చెరువు పక్కనుండే ఇసుక బెడ్లలో పని చేసేది ఇసుక ఒక్కటే కాదు. పైన పాచిరంగులో పలచటి జిగురు పొర కడుతుంది. అందులోని సూక్ష్మజీవులే నీళ్లలోని హానికర బ్యాక్టీరియాను తినేస్తాయి. అందుకే చదరపు మీటరుకు గంటకు 100 లీటర్ల చొప్పున, అంత నిదానంగా దిగాలి.

ఎవరో పెద్దలు చూడ్డానికి వస్తున్నారంటే ముందురోజు ఇసుకంతా తోడి, కడిగి, తెల్లగా పరిచేస్తారు. ఫోటోకి భలే ఉంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఫిల్టరు జల్లెడతో సమానం. నీళ్లు దిగడం బాగా మందగించినప్పుడు మాత్రమే, పైన రెండు మూడు సెంటీమీటర్లు పారతో గీకి తీయాలి. గీకాక మొదట వచ్చే నీళ్లను ట్యాంకుకి ఎక్కించకుండా బయటికి వదిలేయాలి. ఆ లోపు రెండో బెడ్డు నడుస్తుంటుంది. రెండు కట్టేది అందుకే. కరెంటు లేక బెడ్డు చాలాసేపు ఆగిపోయినా పొరలోని ప్రాణులకు గాలి అందక చస్తాయి.

మే నెలలో చెరువు పచ్చబడి ఫిల్టరు ఊరికే మూసుకుపోతుంటే, దాన్ని పక్కన పెట్టి నేరుగా ట్యాంకుకి ఎక్కించే ఊళ్లున్నాయి. ఆ నీళ్లలో వేసిన బ్లీచింగ్‌ను పాచే మింగేస్తుంది.

అపోహ: బ్లీచింగ్ వాసన వస్తే తాగకూడదు

కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణమే చెబుతోంది. వాసన బొత్తిగా రాకపోతేనే నాకు టెన్షన్.

60,000 లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాములు పడాలంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం క్లోరిన్ బలమున్న బ్లీచింగ్ పొడి అయితే దాదాపు అర కిలో. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు పోసి, అరగంట ఆగి వదలాలి. తీరం గాలికి మూతి విప్పి పెట్టిన బస్తా చెమ్మెక్కి బలం పోగొట్టుకుంటుంది. చూడ్డానికి మాత్రం తెల్లగానే ఉంటుంది.

అపోహ: మరగబెడితే, పటిక తిప్పితే సరిపోతుంది

మరగబెడితే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. పటిక తిప్పితే మడ్డి దిగుతుంది, క్రిములు మిగులుతాయి. చిల్లగింజ అరగదీసినా అంతే.

అపోహ: ట్యాంకు దగ్గర శాంపిల్ బాగుంటే ఊరంతా బాగున్నట్టే

నీళ్లు వదిలేది రోజుకు గంటో రెండు గంటలో. మిగతా సమయం పైపులు ఖాళీ. పైగా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతారు. ఆ లాగుడుకి పైపు ఎక్కడ పగిలి ఉంటే అక్కడి మురుగు లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి శాంపిల్ సీసా పట్టుకుని చివరి వీధిలో చివరి కుళాయి దగ్గరికి, నీళ్లు వదిలే వేళకి వెళ్లండి. నీళ్లలో మురుగు క్రిములు చేరాయో లేదో చెప్పే హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసా చవక, ఊళ్లోనే చేసుకోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో ఆ సీసాలో నీళ్లు నల్లబడితే ముందు ఆ వీధి పైపు తవ్వించండి, మోటార్లు తీయించండి. ట్యాంకులో ఇంకో కిలో బ్లీచింగ్ కుమ్మరిస్తే ఆ పగులు పూడదు.