ఎన్నికల ముందు పుట్టించే భయం: ఓటు రాబోతున్న పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరికి వచ్చే ఎన్నికలకి ఓటు వస్తుంది. ఓటు రాని వాళ్ళ చేతిలోనూ ఫోన్ ఉంది కాబట్టి ప్రచారం అందరికీ చేరుతుంది. "బయటివాళ్ళు వచ్చి పడుతున్నారు, మన పనులు పోతాయి, మన ఊరు మనది కాకుండా పోతుంది" అనే భయాన్ని ఎన్నికల ముందు ఎలా తయారుచేస్తారో, అది మీ దాకా వచ్చినప్పుడు ఎక్కడ పట్టి చూడాలో చెబుదామని రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. ఓట్ల కోసం ఎవరినో ఒకరిని తిట్టాలంటే, ఎవరిని తిడితే నష్టం ఉండదు? మన డెల్టాలో నాట్లకి బెంగాల్ ముఠాలు వస్తాయి. ఎకరానికి ఇంతని గుత్తకి ఒప్పుకుని, ఏ షెడ్డులోనో వండుకు తిని, నాట్లు అవగానే రైలెక్కుతాయి. రైసుమిల్లుల్లో బీహార్ వాళ్ళున్నారు, రొయ్యల ప్లాంట్లలో ఒడిశా ఆడపిల్లలున్నారు. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటారో అక్కడే ఓటు అంటుంది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. అందుకని నాట్లకొచ్చే వాళ్ళ ఓటు సొంతూళ్ళోనే ఉంటుంది. తెలుగులో జవాబు చెప్పలేరు, పేపరుకి ఎక్కలేరు. వాళ్ళని ఎన్ని మాటలన్నా అభ్యర్థికి ఇక్కడ ఒక్క ఓటు తగ్గదు. కువైట్, మస్కట్ ఇళ్ళల్లో పనిచేసే మన కోనసీమ ఆడవాళ్ళ గతీ ఇదే. అక్కడ ఎవరేమన్నా తిరిగి అనడానికి వీళ్ళకి ఓటు లేదు. వలస వచ్చిన వాళ్ళనే ఎంచుకోవడానికి మొదటి కారణం ఇది.

అయితే ఊరికే తిడితే జనం నమ్మరు. భయం అంటుకోవాలంటే కింద నిజమైన కష్టం ఒకటి ఉండాలి. ఇంగ్లండ్‌లో బోస్టన్ అని ఒక ఊరుంది. అమెరికాలో ఉన్న బోస్టన్ కాదు. మనలాగే పల్లపు నేల, మురుగు కాలువలు, కూరగాయల సాగు. 2004లో యూరోపియన్ యూనియన్ (యూరప్ దేశాల కూటమి) విస్తరించాక పోలండ్, లిథువేనియాల నుంచి పొలం కూలీలు తక్కువ కాలంలో ఎక్కువమంది వచ్చారు. ఇళ్ళ అద్దెలు పెరిగాయి, డాక్టర్ దగ్గర రద్దీ పెరిగింది. ఆ యూనియన్‌లో బ్రిటన్ ఉండాలా వద్దా అని జనాన్నే అడిగిన 2016 జూన్ 23 ఓటింగ్‌లో (రిఫరెండం), బయటికి పోవాలని అక్కడ 75.6 శాతం ఓటేశారు. వలస వచ్చిన వాళ్ళు అంతకంటే ఎంతో ఎక్కువగా ఉన్న లండన్‌లో మాత్రం దాదాపు 60 శాతం ఉండిపోదామన్నారు. ఎంతమంది వచ్చారన్నదాని కంటే ఎంత తొందరగా వచ్చారు, దానికి తగ్గట్టు ఇళ్ళూ డాక్టర్లూ పెరిగారా లేదా అన్నదే అక్కడ తేడా తెచ్చిందని నా అభిప్రాయం. బోస్టన్ వాళ్ళ కష్టం అబద్ధం కాదు. డాక్టర్లను పెంచని ప్రభుత్వాన్ని, ఒకే ఇంట్లో పదిమందిని కుక్కి అద్దె గుంజే యజమానిని, కూలీ తెగ్గొట్టే మేస్త్రీని వదిలేసి, వేలు కూలీ వైపు తిప్పడంలో ఉంది మోసం.

ఇక బొమ్మ. ఆ రిఫరెండానికి వారం ముందు, జూన్ 16న, బయటికి పోవాలని ప్రచారం చేసిన నాయకుడు నైజెల్ ఫరాజ్ ఒక పెద్ద పోస్టర్ ఆవిష్కరించాడు. కనుచూపు మేర బారులు తీరి నడిచొస్తున్న మనుషులు, పైన ఎర్రటి అక్షరాల్లో "బ్రేకింగ్ పాయింట్". ఫొటో నిజమైనదే. కాకపోతే అది 2015 అక్టోబరులో స్లొవేనియా సరిహద్దులో నడుస్తున్న శరణార్థులది. పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా దాటే షెంగెన్ ఏర్పాటులో బ్రిటన్ అసలు లేనే లేదు, కాబట్టి ఆ వరస నేరుగా బ్రిటన్‌లోకి నడిచొచ్చే వీలే లేదు. ఫొటో మార్చారా అని ఒక్కటే చూసుకుంటే మీరు ఇక్కడ దెబ్బతింటారు. మార్చని ఫొటోని వేరే చోటు, వేరే ఏడాది నుంచి తెచ్చి అతికించడం ఎక్కువ జరుగుతుంది. గూగుల్ లెన్స్‌లో ఆ బొమ్మ పెట్టి, పాత తేదీతో ఎక్కడైనా ఉందేమో వెతకండి.

అంకె కూడా అలాంటిదే. అదే ప్రచారంలో "టర్కీ, జనాభా 7 కోట్ల 60 లక్షలు, యూనియన్‌లో చేరుతోంది" అని వేశారు. దేశంలో ఉన్న మొత్తం జనాభాని, రాబోయే వాళ్ళ సంఖ్య అన్నట్టు చూపించారు. టర్కీతో చర్చలు 2005లో మొదలయ్యాయి, ఇప్పటికీ అది చేరలేదు. మీకు అంకె కనబడితే మూడు అడగండి: ఎన్నాళ్ళలో వచ్చినవాళ్ళు, మొత్తం జనాభాలో ఎంత, తిరిగి వెళ్ళిన వాళ్ళని తీసేశారా. మూడోది దాదాపు ఎప్పుడూ తియ్యరు. నాట్లకొచ్చి వెళ్ళిపోయే ముఠాని ఏటా కొత్తగా కలిపితే పదేళ్ళలో అదే ముఠా పదింతలవుతుంది.

ఎక్కడ పుట్టిందో చూడటం ఇంకా ముఖ్యం. 2024లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో హైతీ వాళ్ళు పెంపుడు జంతువుల్ని తింటున్నారని సెప్టెంబరు 10 డిబేట్‌లో ట్రంప్ అన్నాడు. నమ్మదగిన ఫిర్యాదేదీ లేదని ఆ ఊరి అధికారులే చెప్పారు. మొదట్లో ఉన్నది ఎవరో ఎవరికో చెప్పగా విన్న ఫేస్‌బుక్ పోస్టు. ఆ తర్వాత బాంబు బెదిరింపులొచ్చి స్కూళ్ళు ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ బెంచీల మీద హైతీ పిల్లలతో పాటు ఆ ఊరి పిల్లలూ ఉన్నారు.

తేదీ కూడా చూడండి. 2018 అక్టోబరులో హోండురాస్ నుంచి నడిచి బయలుదేరిన గుంపు గురించి నవంబరు 6 ఎన్నిక దాకా అమెరికాలో రోజూ మాట్లాడారు, సరిహద్దుకి 5,000 మందికి పైగా సైనికుల్ని పంపారు. అప్పటికి ఆ జనం ఇంకా మెక్సికోలోనే, ఆ సరిహద్దుకి చాలా దూరంలో ఉన్నారు. ఎన్నిక అయ్యాక ఆ గొడవ వేదికల మీద చల్లారింది.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. 1966లో బొంబాయిలో శివసేన పుట్టినప్పుడు దాని గురి దక్షిణాది వాళ్ళ మీదే. ఆఫీసుల్లో పనిచేసే దక్షిణాది పేర్లని మార్మిక్ వారపత్రికలో జాబితాలుగా వేసేవారు, ఉడుపి హోటళ్ళ మీద దాడులు జరిగాయి. 1968 మునిసిపల్ ఎన్నికల్లో ఆ పార్టీకి 42 సీట్లొచ్చాయి.

అంతకుముందు బర్మాలో (ఇప్పటి మయన్మార్) రంగూన్. ఎన్నికలతో పని లేకపోయినా అది మీకు తెలియాలి, ఎందుకంటే అక్కడ చచ్చిపోయింది ఎక్కువగా మన తీరం వాళ్ళే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల సరుకు దింపించే కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించాయి. రాజీ కుదరగానే ఆ బర్మా వాళ్ళని ఖాళీ చేతులతో పొమ్మన్నాయి. ఇద్దరి కడుపూ కొట్టింది కంపెనీ. కత్తులు మాత్రం కూలీల మధ్య లేచాయి, వందమందికి పైగా పోయారు.

ఇప్పుడు మన చట్టం. ఎన్నికల కరపత్రం ఏదైనా సరే, అచ్చువేసిన వాళ్ళ పేరు, ప్రచురించిన వాళ్ళ పేరు, చిరునామాలు దాని మీద ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతుంది. అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది, తిప్పి చూడండి. లేకపోతే ఆ కాగితమే నేరం. మతం, జాతి, కులం, భాష పేరుతో ఎన్నికల్లో విద్వేషం రెచ్చగొడితే 125వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. ఇలాంటి విద్వేషాన్నే నేరమనే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్‌లో పుట్టిన చోటు, నివాసం కూడా ఉన్నాయి. వాట్సాప్ ఫార్వర్డ్‌కి మాత్రం ప్రెస్సు పేరు ఉండదు, విషం ఎక్కువగా అటే పారుతుంది. సభలోనో గోడ మీదో కనబడితే ఎన్నికల సంఘం వాళ్ళ సీ-విజిల్‌లో (ఫోన్ నుంచే ఫిర్యాదు చేసే ఏర్పాటు) ఫొటో గానీ వీడియో గానీ అక్కడికక్కడే తియ్యాలి, గ్యాలరీలో ఉన్న పాత వీడియో తీసుకోదు. చర్యకి 100 నిమిషాల గడువు పెట్టుకున్నారు. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్న రోజుల్లోనే అది పనిచేస్తుంది.

ఓటడగడానికి అభ్యర్థి మీ గుమ్మంలోకి వచ్చి బయటి కూలీల మాట ఎత్తితే, ఇది అడగండి: ఒకే పనికి ఊరివాళ్ళకెంతో, వేరే రాష్ట్రం నుంచి కాంట్రాక్టర్ తెచ్చిన వలస కూలీకీ అంతే ఇవ్వాలని 1979లోనే చట్టం చేశారు, 2025 నవంబరు దాకా అది అమల్లో ఉంది కదా, అన్నేళ్ళలో ఈ మండలంలో ఏ మిల్లులో, ఏ ప్లాంటులో తనిఖీ చేయించారు? అలా సమానంగా ఇప్పిస్తే మన కూలి తెగ్గొట్టడానికి వాళ్ళని వాడుకునే వీలుండదు కదా, ఎందుకు ఇప్పించలేదు? జవాబు రాసి పెట్టుకోండి.

ఉంటాను,
మీ తాతయ్య