మెకానికల్ కీబోర్డ్ కొనేముందు: నా బల్ల దగ్గర రోజూ వినే అపోహలు, విప్పి చూస్తే తేలిన వాస్తవాలు

నేను కీబోర్డులు విప్పి బాగుచేస్తాను, అడిగినవాళ్ళకి కొత్తవి కూర్చి ఇస్తాను. సికింద్రాబాద్‌లో ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక టంకం మిషన్. వచ్చేవాళ్ళలో సగం మంది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడే కుర్రాళ్ళు. మిగతా సగం టైపింగ్ మీద బతికేవాళ్ళు: సాఫ్ట్‌వేర్ వాళ్ళు, డీటీపీ వాళ్ళు, అనువాదకులు, అకౌంట్స్ చూసేవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే, "అన్నా, తక్కువలో మంచిది చెప్పు."

నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. తర్వాత మార్చుకోలేని వాటికి ముందు డబ్బు పెట్టండి. స్విచ్‌లు, కీక్యాప్‌లు (కీల పైతొడుగులు), లోపలి ఫోమ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. లోపలి సర్క్యూట్ బోర్డు, దాని మీది సాకెట్లు, కీల అమరిక, కీలను మనకు కావలసినట్టు మార్చుకునే సాఫ్ట్‌వేర్ మాత్రం కొన్న రోజు ఎలా ఉంటే చివరిదాకా అలాగే ఉంటాయి. షాపులో అందరి కళ్ళూ మొదట లైట్ల మీద పడతాయి. అపోహలన్నీ అక్కడే మొదలవుతాయి.

అపోహ: మెకానికల్ అంటే గేమర్ల వస్తువు.

మన ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి టకటకలాడిన టీవీఎస్ గోల్డ్ మెకానికల్ కీబోర్డే. చాలా కాలం అందులో చెర్రీ కంపెనీ బ్లూ స్విచ్‌లే ఉండేవి. మామూలు కీబోర్డులో అన్ని కీల కిందా ఒకే రబ్బరు షీటు ఉంటుంది. మెకానికల్‌లో ప్రతి కీకి విడిగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగు, రెండు లోహపు రేకులు ఉంటాయి. అంతే తేడా.

అపోహ: గట్టిగా మోగితేనే అసలైన మెకానికల్. గేమింగ్‌కి రెడ్, టైపింగ్‌కి బ్లూ.

స్విచ్‌లు మూడు రకాలు. ఏ అడ్డూ లేకుండా కిందికి జారిపోయేది లీనియర్. మధ్యలో వేలికి చిన్న మిట్ట తగిలేది ట్యాక్‌టైల్. మిట్టతో పాటు 'టిక్' మనేది క్లిక్కీ. బ్లూలో వినిపించే ఆ టిక్ లోపలి ప్లాస్టిక్ ముక్క కొట్టుకున్న చప్పుడు. దానికి నాణ్యతతో గానీ వేగంతో గానీ సంబంధం లేదు. పైగా బ్లూలో కీ మళ్ళీ సిద్ధం కావాలంటే నొక్కు పడిన చోటుకన్నా పైకి లేవాలి. ఒకే కీని వెంటవెంటనే కొట్టాల్సిన ఆటల్లో ఇది అడ్డమే. ఇంట్లో పసిపాప నిద్రపోతుంటే రాత్రి పదకొండింటికి బ్లూ మీద పనిచేయలేరు. హాస్టల్ గదిలోనూ అంతే.

ఇక రంగుల సంగతి. ఈ రంగులు చెర్రీ పెట్టుకున్న గుర్తులు. చెర్రీ రెడ్ సుమారు 45 గ్రాముల బరువుతో 2 మిల్లీమీటర్ల లోతులో పనిచేస్తుంది, మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. బ్లాక్ కూడా లీనియరే, కానీ దానికి 60 గ్రాములు కావాలి. చెర్రీ పేటెంట్ గడువు తీరాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతల్లో స్విచ్‌లు తెచ్చాయి. మన జేబుకు మెకానికల్ అందుబాటులోకి వచ్చింది వీటివల్లే. ఇప్పుడు ఎవరి రంగులు వాళ్ళవి. ఒకరి పసుపు లీనియర్ అయితే ఇంకొకరి పసుపు ఏదైనా కావచ్చు. అందుకే రంగు చూసి కొనకండి, రకం, బరువు చూడండి. కీ మీద వేలు ఆనించి ఆలోచించే అలవాటున్నవాళ్ళకి తేలిక స్విచ్ ఇస్తే అక్షరాలు వాటంతట అవే పడిపోతాయి. నా అనుభవంలో రెండు పనులకూ కలిపి వెతికేవాళ్ళకి 50 గ్రాముల చుట్టుపక్కల లీనియర్ బాగా కుదురుతుంది. గేటెరాన్ ఎల్లో ఆ బాపతే, ధర కూడా తక్కువ. ముందు విడిగా రెండు మూడు రకాలు తెచ్చుకుని, వారం రోజులు జేబులో పెట్టుకుని తిరుగుతూ నొక్కి చూడండి. ఎవరు ఎంత చెప్పినా మీ వేలు చెప్పినంత బాగా చెప్పలేరు.

అపోహ: డబ్బా మీద 'హాట్‌స్వాప్' అని ఉంటే ఏ స్విచ్ అయినా పడుతుంది.

ఇది నమ్మి నష్టపోయినవాళ్ళని ఎక్కువగా చూశాను. హాట్‌స్వాప్ అంటే టంకం అవసరం లేకుండా స్విచ్‌ని లాగి ఇంకోటి గుచ్చుకునే ఏర్పాటు. తక్కువ ధరలో ఇంతకన్నా విలువైన సదుపాయం లేదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ సాకెట్లలో తేడాలున్నాయి. కొన్ని చవక బోర్డుల్లో రంధ్రాలు మరీ సన్నం, ఔటెము తరహా సన్న కాళ్ళ స్విచ్‌లే దిగుతాయి. వాటిలో గేటెరాన్ నెడితే సాకెట్ లోపలి రేకు విరుగుతుంది. ఇంకో తేడా కాళ్ళ లెక్క. కొన్ని స్విచ్‌లకి రెండు లోహపు కాళ్ళు, మధ్యలో ఒక ప్లాస్టిక్ కాలు, మొత్తం మూడు. కొన్నింటికి అదనంగా రెండు ప్లాస్టిక్ కాళ్ళు. బోర్డు మూడు కాళ్ళదైతే ఆ అదనపు రెండింటినీ గోళ్ళ కత్తెరతో కత్తిరించి పెట్టుకోవచ్చు.

మొన్న ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకడు బోర్డు తెచ్చాడు. కొత్త స్విచ్‌లు వేశాక డబ్ల్యూ కీ పనిచేయడం లేదు. ఆటలో ముందుకు నడిపే కీ అదే, కంగారులో ఉన్నాడు. స్విచ్ లాగి వెలుతురులో పెట్టి చూస్తే ఒక రాగి కాలు మడిచిన అగరుపుల్లలా పొట్టకి అతుక్కుని ఉంది. చిమటాతో నిదానంగా నిటారు చేసి, స్విచ్‌ని వంచకుండా తిన్నగా పైనుంచి నొక్కాను. కీ పలికింది. చిన్న పొరపాటే, కానీ సాకెట్ ఊడేలా నొక్కి ఉంటే బోర్డే పోయేది. అందుకే స్విచ్ పెట్టేటప్పుడు కింద సాకెట్‌కి ఒక వేలు ఆసరా ఇవ్వమని చెబుతాను, బోర్డు బయటికి తీసి ఉన్నప్పుడు మరీను.

అపోహ: చిన్న కీబోర్డే మేలు, 60 శాతం సైజు అందరికీ సరిపోతుంది.

తెలుగు టైపు చేసేవాళ్ళు ఇది ఒకటికి రెండుసార్లు చదవాలి. 60 శాతం అంటే 61 కీలు. బాణం కీలు ఉండవు, పై ఎఫ్ వరుస ఉండదు. మౌస్ తిప్పడానికి చోటు మిగులుతుంది కాబట్టి గేమర్లకి నచ్చుతుంది. ఇక్కడివరకు బాగానే ఉంది. అయితే ఎఫ్ వరుస లేకపోవడంతో ఎస్కేప్ కీ కిందికి దిగి, అంకె 1 పక్కనుండే కీ స్థానం ఆక్రమిస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ కీతో పెద్దగా పని పడదు. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకి ప్రామాణికమైన కీల అమరిక) తెలుగు కొట్టేవాళ్ళకి మాత్రం అది ప్రాణం. కొమ్ములా పైకి నిలిచే 'ొ' గుర్తు ఆ కీ మీదే ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుంటే 'ఒ' పడుతుంది. అంటే కొత్త, మొదట, పొలం, ఒక, ఒప్పు... ఇవేవీ తిన్నగా పడవు.

అనువాదాలు చేసే ఒకమ్మాయి అలాంటి బోర్డు పట్టుకుని వచ్చింది. "అన్నా, 'ఒక' అని రాయాలంటే మూడు కీలు కలిపి నొక్కి నాలుగోది కొట్టాలి, వేళ్ళు మెలిపడుతున్నాయి" అంది. అదృష్టం, ఆ బోర్డు వయా అనే, కీలను మార్చుకునే సాఫ్ట్‌వేర్‌కి పలికే రకం. క్రోమ్‌లో వయా తెరిచి, ఆమె ఎప్పుడూ వాడని క్యాప్స్ లాక్ స్థానంలో ఆ పోయిన కీని కూర్చోబెట్టాను. నిమిషం పట్టలేదు. తర్వాత ఆమె కె, క్యాప్స్ లాక్, ఎల్, డి, ఎల్ వరసగా కొట్టింది. తెర మీద 'కొత్త' అని పడింది. షిఫ్ట్‌తో క్యాప్స్ లాక్, తర్వాత కె. 'ఒక' పడింది. ఆ మార్పు కీబోర్డు చిప్‌లోనే దాచుకుంటుంది కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌కి పెట్టినా, ఇంటి ల్యాప్‌టాప్‌కి పెట్టినా అలాగే ఉంటుంది.

అందుకే కొనేముందు వయా గానీ క్యూఎంకే గానీ పనిచేస్తుందా అని అడగండి. కొన్ని బోర్డులకి సొంత సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటుంది, అది విండోస్‌లోనే నడవచ్చు, కంపెనీ వదిలేస్తే అక్కడితో ఆగిపోవచ్చు. క్యూఎంకే ఎవరైనా చూసి మార్చుకోగల బహిరంగ ఫర్మ్‌వేర్. ఇన్‌స్క్రిప్ట్ వాళ్ళకి నేను చెప్పే సైజు 75 శాతం: ఎఫ్ వరుస, బాణాలు రెండూ ఉంటాయి, ఎస్కేప్ తన చోట తను ఉంటుంది. 65 శాతంలో బాణాలుంటాయి గానీ చాలావాటిలో ఈ 'ొ' చిక్కు తప్పదు. ఫొనెటిక్‌లో, అంటే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళకి ఈ బాధ లేదు. ట్యాలీ మీద రోజంతా కూర్చునేవాళ్ళు మాత్రం అంకెల దిమ్మె ఉన్నదే తీసుకోండి, అందం కోసం దాన్ని వదులుకోకండి.

అపోహ: మంచి శబ్దం రావాలంటే పదివేలు పెట్టాలి.

చవక బోర్డులో చెవికి గుచ్చుకునేది ముఖ్యంగా స్పేస్‌బార్. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడవాటి కీల కింద వంకర తిరిగిన ఒక ఇనుప తీగ ఉంటుంది, దాన్ని స్టెబిలైజర్ అంటాం. ఆ తీగ చివరలు ప్లాస్టిక్ గూట్లో వదులుగా ఆడితే డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగుతుంది. కీక్యాప్ తీసి, సిరంజితో తీగ చివర బియ్యపు గింజంత డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టి పదిసార్లు నొక్కండి. గలగల పోయి 'థక్' మని మెత్తటి దెబ్బ వినిపిస్తుంది. తర్వాత కీబోర్డు విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డు వెనక పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు రెండు మూడు పొరలు అతికిస్తే కీచు తగ్గి గొంతు లోతవుతుంది. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక సినిమాకి వెళ్ళొచ్చినంత కూడా ఉండదు.

స్విచ్‌ల లోపల రాయడానికి క్రైటాక్స్ 205జీ0 అనే చిక్కటి గ్రీజు వాడతాం, సన్నటి కుంచెతో, కనీకనపడనంత. లోహపు రేకులకి అంటనివ్వకూడదు. దయచేసి కుట్టు మిషన్ నూనె పోయకండి. అది పల్చగా జారి కాంటాక్టుల్లోకి పోతుంది. అలా తడిసిన బోర్డు ఒకటి తుడవడానికి నాకు ఒక పూట పట్టింది.

అపోహ: 8000 హెర్ట్జ్ ఉంటే ఆట మారిపోతుంది.

లెక్క చూద్దాం. 125 హెర్ట్జ్ బోర్డు 8 మిల్లీసెకన్లకోసారి కంప్యూటర్‌కి కబురు పంపుతుంది, 1000 హెర్ట్జ్ బోర్డు 1 మిల్లీసెకనుకి, 8000 హెర్ట్జ్ బోర్డు 0.125 మిల్లీసెకనుకి. వెయ్యి నుంచి ఎనిమిది వేలకి పోతే ఒక మిల్లీసెకను కూడా మిగలదు. 60 హెర్ట్జ్ మానిటర్ కొత్త బొమ్మ గీయడానికే 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ డబ్బు మానిటర్‌కి దాచుకోండి.

రాపిడ్ ట్రిగ్గర్ సంగతి వేరు, అది నిజంగా పనిచేస్తుంది. అయస్కాంతం, హాల్ సెన్సర్ ఉన్న స్విచ్‌లలో వేలు 0.1 మిల్లీమీటరు లేచినా కీ వదిలినట్టే లెక్క. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్‌లలో పరుగు ఆపితే గానీ తూటా సూటిగా పోదు కాబట్టి అక్కడ తేడా చేతికి తెలుస్తుంది. నెదర్లాండ్స్‌కి చెందిన వూటింగ్ దీన్ని పేరులోకి తెచ్చింది, ఇప్పుడు చవక రకాలూ దొరుకుతున్నాయి. మూడు జాగ్రత్తలు మాత్రం. ఈ బోర్డుల్లో మామూలు స్విచ్‌లు పనిచేయవు. టైపింగ్‌కి లోతు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లకి పెంచుకోకపోతే తప్పులే తప్పులు. వీటితో పాటు ఇచ్చే స్నాప్ ట్యాప్ లాంటి ఫీచర్‌ని (ఎదురెదురు దిశల కీలు రెండూ నొక్కి ఉంటే చివర నొక్కినదాన్నే లెక్కించేది) 2024 ఆగస్టులో ఆ ఆట తయారుచేసిన వాల్వ్ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. అది ఆన్ చేసి ఆడితే ఆట మధ్యలోంచి బయటికి పంపేస్తారు.

అపోహ: 10 కోట్ల నొక్కుల స్విచ్ 5 కోట్ల దానికంటే రెట్టింపు కాలం వస్తుంది.

ఒకే కీని రోజుకి 5000 సార్లు కొట్టినా 5 కోట్లు అవ్వడానికి 27 ఏళ్ళు పడుతుంది. నా దగ్గరికి వచ్చే బోర్డులు స్విచ్ అరిగి రావు. చాయ్ ఒలికి, యూఎస్‌బీ పోర్టు ఊడి, లేదా కాంటాక్టు మీద దుమ్ము పట్టి ఒక్క నొక్కుకి రెండు అక్షరాలు పడుతూ వస్తాయి. చాయ్ పడితే మొదట కేబుల్ పీకి, బోర్డు బోర్లించండి. ఆరింది కదా అని మర్నాడే పెట్టకండి, చక్కెర లోపలే గడ్డకట్టి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే కరెంటు ఇవ్వాలి. హాట్‌స్వాప్ బోర్డైతే పాడైన ఒక్క స్విచ్ తీసి 20 రూపాయల కొత్తది గుచ్చుకుంటే చాలు.

అపోహ: మెకానికల్ కొంటే మణికట్టు నొప్పి పోతుంది.

దానంతట అది పోదు. ఇవి మామూలు వాటికన్నా ఎత్తు ఎక్కువ. వెనక కాళ్ళు కూడా లేపితే మణికట్టు ఇంకా పైకి వంగుతుంది. కాళ్ళు మడిచేసి, కుర్చీ ఎత్తు సరిచేసుకోండి. నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ కొంటే మోసపోతాం.

చూసి కొంటే తక్కువ బడ్జెట్‌లో ఇంతకన్నా మంచి దారి లేదు. ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి కీ టెస్టర్ సైటు తెరవండి. ప్రతి కీని పదిసార్లు కొట్టి, ఎక్కడైనా రెండేసి పడుతున్నాయేమో చూడండి. కేబుల్‌ని పోర్టు దగ్గర అటూ ఇటూ కదపండి, లైటు ఆరి వెలిగితే వద్దనేయండి. ఎక్కువగా వాడే డబ్ల్యూ, స్పేస్ కింది స్విచ్‌లు రెండూ లాగి చూపించమనండి. సాకెట్ కదులుతోందా, రాగి రేకు మీద పచ్చటి చిలుము ఉందా చూడండి. కీక్యాప్‌లు మెరిసిపోయి, అక్షరాలు చెరిగి ఉన్నా పర్వాలేదు. అవి మార్చుకునేవే.