ఆవకాయ ఏడాది నిలవాలంటే: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటే కూర లేని పూట కూడా గడిచిపోతుంది. రెండు కిలోల ముక్కలు పెట్టుకున్నా నెలవారీ ఖర్చులో తేడా తెలుస్తుంది. అందుకే జాడీ పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది. పాడైనప్పుడు చెప్పుకునే కారణాల్లో చాలావరకు అసలు కారణాలు కావు. ఆవకాయను నిలబెట్టేవి ప్రధానంగా రెండే: ఉప్పు, కాయలోని పులుపు. నూనె, ఆవఘాటు, జాడీ, దాని మూతికి కట్టే గుడ్డ అంటే వాసెన, ఇవన్నీ వాటికి సాయం చేసేవి.

ముందుగా కొలతలు. టెంకతో కొట్టిన ముక్కలు కిలోకి కారం 150 గ్రాములు, ఆవపిండి 150, మెత్తగా దంచిన ఉప్పు 170, మెంతులు 10, నువ్వులనూనె 400 మిల్లీలీటర్లు. ఇష్టమైతే వెల్లుల్లి 100 గ్రాములు.

అపోహ: పైన నూనె తేలుతుంటే చాలు, ఉప్పు ఎంత తగ్గించినా పచ్చడి పాడవదు.

వాస్తవం: నూనె పైనుంచి గాలిని ఆపుతుంది. గాలి అందకపోతే బూజు పెరగదు, అంతవరకు నిజమే. ముక్క లోపలున్న నీటిని మాత్రం నూనె ఏమీ చేయలేదు. కిలో ముక్కల్లో టెంక పోను సుమారు ముప్పావు కిలో నీరే. దానిలో 170 గ్రాముల ఉప్పు కరిగితే ఊట 18 శాతం ఉప్పునీరవుతుంది. పాడుచేసే సూక్ష్మజీవుల్లో చాలావాటికి అది గిట్టదు. ఆరోగ్యం కోసమని 100 గ్రాములకు దిగితే అది 12 శాతమే. అప్పుడు ముక్క మెత్తబడి, ఊట పొంగి, వర్షాకాలం వచ్చేసరికి పులిసిన వాసన కొడుతుంది. ఉప్పు తక్కువ తినాల్సినవారు జాడీలో కాకుండా కంచంలో తగ్గించుకోవాలి. లేదా అరకిలో ముక్కలతో తక్కువ ఉప్పుది పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, నెలలోపు తినేయాలి.

ఇక్కడే మరో జాగ్రత్త. గాలి తగలని చోటే పెరిగే ప్రమాదకరమైన బాక్టీరియా ఒకటుంది, ప్రాణం మీదికి తెచ్చే బొటులిజం అనే జబ్బు దాని వల్లే వస్తుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పీహెచ్ 4.6 కంటే తక్కువగా ఉంటే ఆ బాక్టీరియా పెరగదు. పచ్చి మామిడి పీహెచ్ ఆ హద్దుకు చాలా కిందే ఉంటుంది కాబట్టి ఆవకాయలో వేసిన వెల్లుల్లికి భయం లేదు, ఊటలోని ఉప్పూ పులుపూ దానికీ పడతాయి. ఒట్టి వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో ముంచి గట్టు మీద వారాల తరబడి ఉంచడం మాత్రం నిజంగా ప్రమాదం. దోసావకాయ ఏడాది నిలవకపోవడానికి కారణం కూడా ఇదే, దోసకాయలో అంత పులుపు లేదు. అది ఫ్రిజ్‌లో పెట్టుకుని త్వరగా తినేయాల్సిన పచ్చడి.

అపోహ: ఉప్పు, కారం, ఆవపిండి సమానం. గ్లాసుతో కొలిచినా కాటాలో తూచినా ఒకటే.

వాస్తవం: ఎక్కువ జాడీలను దెబ్బతీసేది ఈ లెక్కే. మెత్తటి ప్యాకెట్ ఉప్పు ఒక గ్లాసు తూస్తే కారం గ్లాసుకు రెట్టింపు పైనే తూగుతుంది. పెద్దవాళ్లు సోలతో కొలిచింది ముతకగా దంచిన కల్లుప్పు, పలుకుల మధ్య ఖాళీ ఉండేది. అదే సోలతో మెత్తటి ఉప్పు పోస్తే పచ్చడి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పన. వంటింటి కాటా ఒకటి కొనుక్కుంటే ఆ ఖర్చు మొదటి ఏడాదే తీరిపోతుంది.

అపోహ: అయొడిన్ ఉప్పు వేస్తే పాడవుతుంది.

వాస్తవం: ఉప్పులో అయొడిన్ లక్షలో కొన్ని పాళ్లే. దానివల్ల పచ్చడి చెడదు. ఏ ఉప్పయినా తేమ లేకుండా ఎండలో ఆరబెట్టి వాడండి.

అపోహ: నెలసరిలో ఉన్న ఆడవాళ్లు జాడీ ముట్టుకుంటే బూజు పడుతుంది.

వాస్తవం: దీనికి ఏ ఆధారమూ లేదు. బూజు పట్టించేది తడి. తడి గరిటె, కడిగి సరిగా తుడవని జాడీ, అన్నం అంటిన చెయ్యి, ఇవి పడిన చోట ఉప్పు పలచబడి బూజు మొలుస్తుంది. ఆ చెయ్యి ఎవరిదైనా ఒకటే. ఈ మాట పట్టుకుని ఇంట్లో ఆడపిల్లల్ని దూరం నిలబెట్టడం ఇకనైనా ఆపాలి. పొడి గరిటె ఒకటి ఆవకాయకే కేటాయించి, పెద్ద జాడీలోంచి పదిహేను రోజులకు సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటే సగం బాధలు పోతాయి.

అపోహ: ఆవాలు దోరగా వేయిస్తేనే చేదు రాదు.

వాస్తవం: ఆవఘాటు గింజలో సిద్ధంగా ఉండదు. పిండికి తడి తగిలినప్పుడు గింజలోని ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది. వేయించిన ఆవాలతో పెట్టినది కమ్మగా ఉండొచ్చు గానీ దానిలో ఆవ లేదు, నిల్వకు ఆ ఘాటు చేసే సాయమూ పోతుంది. ఎండబెట్టి పచ్చివే పొడి కొట్టాలి. మిక్సీని ఆపకుండా తిప్పితే వేడెక్కి, నూనె కక్కి ముద్దవుతుంది. ఆపి ఆపి తిప్పి, జల్లించాలి. పెట్టిన రోజు రుచి చూసి చేదుగా ఉందని కంగారుపడకండి, ముక్క ఊరేకొద్దీ తగ్గుతుంది.

అపోహ: కాయ ఎంత లేతదైతే అంత మంచిది.

వాస్తవం: టెంక ముదిరిన పుల్లటి కాయ కావాలి. పెచ్చు అంటుకుని ఉన్న ముక్క విడిపోకుండా నిలుస్తుంది. లేతకాయ తురుము పచ్చళ్లకు బాగుంటుంది. కాయల్ని కొట్టకముందే కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. కొట్టాక నీళ్లు తగలకూడదు. జీడి, దాని కింది పలచటి పొర తీసేసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

అపోహ: నూనె కాచి, వేడిగా పోస్తే ఎక్కువకాలం ఉంటుంది.

వాస్తవం: వేడి నూనెకు కారం నల్లబడుతుంది, ముక్క ఉడికి మెత్తబడుతుంది, ఆవఘాటు పోతుంది. నువ్వులనూనె పచ్చిదే పోయండి. అందులో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాలు నూనె పాతబడి సిక్కు వాసన రాకుండా అడ్డుకుంటాయి, వేరుశనగనూనె అన్నాళ్లు తట్టుకోదు. ముక్కల్ని నూనెలో తడిపి, కారం, ఆవపిండి, ఉప్పు కలిపిన గుండలో పొర్లించి జాడీలో వేయాలి. మిగిలిన గుండ పైన చల్లి, సగం నూనె పోసి వాసెన కట్టాలి. మూడోరోజు అడుగుదాకా తిరగకలిపి, ఉప్పు చూసి, మిగతా నూనె పోయాలి. ముక్కల పైన అరంగుళం నూనె నిలవాలి.

అపోహ: బూజు పైపైన తీసేసి, ఎండలో పెడితే సరిపోతుంది.

వాస్తవం: నూలులాంటి బూజు కనబడిందంటే దాని పోగులు కంటికి కనబడనంత లోపలికి దిగే ఉంటాయి. కొన్ని బూజులు పులుపును తినేసి, మిగతా సూక్ష్మజీవులకు దారి తెరుస్తాయి, కొన్ని విషాలు వదులుతాయి. ఎండకు ఆ విషాలు పూర్తిగా పోవు. మనసొప్పకపోయినా పారేయాలి. ఉప్పు తగ్గిందని మూడోరోజే తెలిస్తే మాత్రం దిద్దుకోవచ్చు: కిలోకి 20 గ్రాముల చొప్పున పొడి ఉప్పు కలిపి, మరో రెండు రోజులాగి మళ్లీ రుచి చూడండి. ఉప్పు ఎక్కువైతే పుల్లటి కాయ ముక్కలు ఇంకో పావుకిలో, వాటికి తగిన కారం, ఆవపిండి, నూనె కలిపితే సర్దుకుంటుంది.

జాడీ విషయంలో ఒక్కమాట. పింగాణీ గానీ గాజు గానీ సరే. మెరుగు పగిలిన పాత జాడీ వద్దు, ఆ పగుళ్లలో పోయినేటి నూనె సిక్కుపట్టి ఉంటుంది. అల్యూమినియం అసలే వద్దు. స్టీలు డబ్బాకు కూడా నెలల తరబడి ఉప్పూ పులుపూ తగిలితే అడుగున చుక్కలు చుక్కలుగా తినేస్తుంది.