సకాయ్ గాజు పలక: షార్ప్ ఎక్కడ తప్పటడుగు వేసింది?

కమెయామాలోని తన రెండో తెరల ప్లాంటును తైవాన్ మాతృసంస్థ హోన్‌హాయ్‌కి అమ్ముతామని 2025 మేలో జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ షార్ప్ ప్రకటించాక పాత తగువు మళ్ళీ లేచింది. కంపెనీని ముంచింది తైవాన్ యజమానా, జపాన్ యాజమాన్యమా? షార్ప్ పెన్సిలు, కాలిక్యులేటరు చేసిన రోజుల కథ అందరికీ తెలిసిందే. ఈ తగువు ముడి 2007 జులైలో ఉంది.

అప్పటికి షార్ప్‌ది మంచి ఊపు. 2000 నవంబరులో మొబైల్ సర్వీసు కంపెనీ జె-ఫోన్ కోసం చేసిన జె-ఎస్‌హెచ్04 ఫోన్‌లో 1.1 లక్షల పిక్సెళ్ళ కెమెరా పెట్టి, ఫొటో తీసి అక్కడికక్కడే మెయిల్లో పంపడం జపాన్ జనానికి అలవాటు చేసింది. టీవీల్లో 'కమెయామా మోడల్' అనే మాటే బ్రాండయింది. ఆ ధీమాతోనే ఒసాకా దగ్గర సకాయ్‌లో సుమారు 38,000 కోట్ల యెన్లతో పదో తరం ప్యానెల్ (టీవీ తెర) ప్లాంటు కడతామంది. తరం పెరిగేకొద్దీ తెరలు కోసే గాజు పలక పెద్దదవుతుంది. 2009 అక్టోబరులో అది మొదలైంది.

అక్కడి గాజు పలక 2,880 × 3,130 మిల్లీమీటర్లు, మందం 0.7. ఇంత పలకను లారీలో తిప్పలేక అమెరికా గాజు కంపెనీ కార్నింగ్ ఫ్యాక్టరీని ఆ ఆవరణలోనే పెట్టించారు. అసలు చిక్కు కోతలో ఉంది. 60 అంగుళాల ప్యానెల్ సుమారు 1,330 × 750. అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు, మొత్తం ఎనిమిది వస్తాయి. అదే 65 అంగుళాలైతే (1,440 × 810) ఆరే! పలకలో దాదాపు నాలుగో వంతు వృథా. పన్నా చాలని బట్టలో చొక్కాలు కత్తిరించినట్టే. 2017 చివర్లో చైనాలోని హెఫెయ్‌లో ప్యానెల్ కంపెనీ బీఓఈ తెరిచిన 10.5 తరం ప్లాంటు పలక 2,940 × 3,370. అందులో 65 అంగుళాలవి ఎనిమిది, 75వి ఆరు. సకాయ్ పలకను ఒకే దిశలో కోస్తే 75వి మూడే పడతాయి. బజారు ఆ రెండు సైజుల వైపే నడిచింది.

అప్పటి యాజమాన్యం సాకు వేరు: డాలరుకు 120 యెన్ల దగ్గరున్న మారకం 2011 చివరికి 80 లోపుకు చేరి ఎగుమతులను దెబ్బతీసింది, అదే ఏడాది దేశంలో టీవీలకిచ్చే రాయితీ ఆగింది. నిజమే. కానీ ప్యానెల్ ప్లాంటుకు తరుగుదల, క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని గది) గాలి, కరెంటు ఖర్చులు సగం పని ఉన్నా దాదాపు అంతే. ఆ లెక్క 2007లోనూ తెలుసు. సకాయ్ ప్లాంటులో 34 శాతం వాటా తీసుకుంటానన్న సోనీ 7 శాతం దగ్గరే ఆగి, 2012లో అదీ వదిలేసింది. 2011, 2012 ఆర్థిక సంవత్సరాల్లో షార్ప్ నష్టం 92,000 కోట్ల యెన్లు దాటింది.

2012లో సకాయ్‌ను నిలబెట్టింది హోన్‌హాయ్ అధినేత టెర్రీ గో సొంత డబ్బు, 6,600 కోట్ల యెన్లు. సగం ప్యానెళ్ళు తామే కొంటామన్న మాటా వాళ్ళదే. (శ్రీసిటీలో, కొంగరకలాన్‌లో ఉన్న ఫాక్స్‌కాన్ వీళ్ళదే.) 2016 ఫిబ్రవరిలో షార్ప్‌ను హోన్‌హాయ్‌కి అప్పగించేందుకు బోర్డు ఒప్పుకునే ముందురోజు షార్ప్ 35,000 కోట్ల యెన్ల సంభావ్య బాధ్యతల (ముందుముందు మీద పడగల ఖర్చుల) జాబితా పంపింది. దాంతో ధర తగ్గి 66 శాతం వాటా 38,880 కోట్లకు తెగింది. జపాన్ పత్రికలు దీన్ని తైవాన్ బేరసారంగా రాశాయి. జాబితా అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందన్న ప్రశ్న మాత్రం వెనకబడింది.

తైవాన్ వారూ కడిగిన ముత్యాలేం కాదు. చేతులు మారిన సకాయ్‌ను 2022లో తిరిగి పూర్తిగా షార్ప్ నెత్తిన పెట్టింది వాళ్ళ హయాంలోనే. ఆ ఏడాది నష్టం 26,000 కోట్ల యెన్లు. 2024 ఆగస్టులో సకాయ్‌లో ప్యానెళ్ళ తయారీ ఆగిపోయింది.

2025లో అమ్మకానికి పెట్టిన కమెయామా రెండో ప్లాంటు సంగతి వేరు. 2,160 × 2,460 పలక, పైన ఇండియం, గాలియం, జింక్ ఆక్సైడ్ పొర. కరెంటు లీకేజీ తక్కువ కాబట్టి కదలని బొమ్మను మాటిమాటికీ రిఫ్రెష్ చేయక్కర్లేదు, ఫోన్ బ్యాటరీ మిగులుతుంది. అరచేతి తెరలకు కోతలో అంచు వృథా కూడా స్వల్పమే. అయితే ఖరీదైన ఫోన్లు ఓలెడ్‌కు (తనంతట తానే వెలిగే తెరకు) మారాయి. షార్ప్ సొంత ఫోన్ ఆక్వోస్ జీరో 2018లోనే మారింది.