పాత కవులను తప్పుపట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

నల్గొండలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. కిందటేడు వేమన పాఠం నడుస్తుంటే ఒకమ్మాయి లేచి, "మేడం, కులం గురించి గంత గట్టిగ నిలదీసినాయన ఆడోళ్లను గిట్లెందుకు తిట్టిండు?" అని అడిగింది. వెనక బెంచీలోంచి "పెద్దోళ్లను అట్ల అనొద్దు" అని ఇంకో గొంతు. అన్నేళ్లుగా అలాంటి పద్యాలను నేను చదవకుండా దాటేస్తూ వచ్చాను. ఆ రోజు దాటలేకపోయాను.

అపోహ: ఆ కాలంలో అందరూ అలాగే ఆలోచించేవారు. ఇప్పటి కొలతలు వాళ్లకు పెట్టకూడదు.

వాస్తవం: అందరూ అలా లేరు. అంటరానివాడని దూరం పెట్టిన కులంలో పుట్టిన శివభక్తుడు మాదర చెన్నయ్య పెట్టిన అంబలిని శివుడే వచ్చి ఆరగించాడని పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పాడు. పరబ్రహ్మ ముందు ఎక్కువ తక్కువలు లేవని 15వ శతాబ్దంలోనే అన్నమయ్య పాడాడు. మనుషుల్లో తేడా ఎందుకని వేమనే అడిగాడు. మా క్లాసు అమ్మాయి అడిగింది ఆయన దగ్గర నేర్చుకున్న ప్రశ్నే.

అపోహ: వేమన పేరున్న ప్రతి పద్యమూ వేమనదే.

వాస్తవం: చెప్పలేం. తెలుగు నేర్చుకున్న ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించే దాకా అవి నోటి మీద, చేతిరాత ప్రతుల్లో తిరిగాయి. మకుటం తగిలించి ఎవరైనా పద్యం కట్టొచ్చు. అలాగని నచ్చినవి ఆయనవి, నచ్చనివి వేరేవాళ్లవి అనడం కూడా న్యాయం కాదు.

అపోహ: తప్పుగా తోచిన పుస్తకాన్ని తీసేస్తే సమాజానికి మేలు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ముద్దుపళని గుర్తొస్తుంది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో 'రాధికా సాంత్వనం' రాసిన కవయిత్రి. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఎన్నో నిందలు భరించిన వీరేశలింగం గారే ఆమె కావ్యంలోని శృంగారం ఆడవాళ్లు పలకరానిదని తీర్పు చెప్పారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో చాలా పద్యాలు లేవని గమనించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ, 1910లో కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించింది. మగకవులు రాస్తే లేని తప్పు ఆడమనిషి రాస్తే ఎలా వచ్చిందని నిలదీసింది. అయినా మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో. ఒక కాలపు నీతి ఒక కవయిత్రిని అన్నేళ్లు మన చేతికి అందనివ్వలేదు. వీరేశలింగం గారి మీద నాకున్న గౌరవం తగ్గలేదు. ఈ సంగతి దాచాలనీ అనిపించలేదు.

అపోహ: పద్యంలో తప్పు ఉంటే ఇక దానితో పనిలేదు.

వాస్తవం: మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసింది పాత కావ్యాలను తవ్వే. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎవరిని తక్కువగా చూశారు అన్నీ అక్కడే దొరికాయి. ఇబ్బంది పెట్టే పద్యాలను ముందే కొట్టేసి ఉంటే ఆయనకు ఏం మిగిలేది?

ఈ ఏడు వేమన పాఠానికి రెండు గంటలు ఎక్కువ పెట్టుకున్నాను. కులం మీది పద్యం, ఆడవాళ్ల మీది పద్యం బోర్డు మీద పక్కపక్కనే రాసి, మొదటి మాట క్లాసులోని అమ్మాయిల చేతే మాట్లాడిస్తాను.