ఎలుకల గది: అపోహలు - వాస్తవాలు

పురుగుమందుల టాక్సిసిటీ పరీక్షలకి ఎలుకల్ని పెంచి చూసుకునే పని నాది. కోనసీమ, భీమవరం వైపు కాలేజీల పిల్లలు రిజల్టు తేడా వచ్చాక ఫోన్ చేస్తుంటారు. గది సంగతి అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "కంట్రోల్ గ్రూపు (మందు పెట్టని ఎలుకలు) ఉందండీ. గది ఎలా ఉన్నా రెండు గ్రూపులకీ ఒకటే కదండీ!"

అపోహ: గదిలో లోపాలుంటే కంట్రోల్ గ్రూపు సర్దేస్తుంది.

వాస్తవం: సర్దదు. జంతువుల ప్రాణాలు, పిల్లల కష్టం ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

మేతలో 100 పీపీఎం, అంటే కిలో మేతకి 100 మిల్లీగ్రాముల మందు కలిపారనుకోండి. 200 గ్రాముల ఎలుక రోజుకి 20 గ్రాములు తింటే కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల మందు అందుతుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగింది. ఎలుకకి మనలా చెమట పట్టదు. తోక ద్వారా వేడి వదులుతుంది, ఉమ్మితో బొచ్చు తడుపుకుంటుంది, తిండి తగ్గించేస్తుంది. 14 గ్రాములే తింటే మోతాదు 7కి పడిపోయినట్టే. అదే మందు నీళ్ళలో కలిపి ఉంటే ఎక్కువ తాగేసి మోతాదు పెరుగుతుంది. అసలు మోతాదే లేని కంట్రోల్ ఎలుక ఈ తేడాని ఎలా చూపిస్తుంది? ఇలాంటి పరీక్షలకి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే ఓఈసీడీ వాళ్ళు ఎలుకల గదికి 22 డిగ్రీలు, అటూ ఇటూ 3 అని ఊరికే రాయలేదు.

ఇక ఊక. మిల్లులో ఉచితంగా ఇచ్చారని తెచ్చి పంజరాల్లో పరిచేస్తారు. దాళ్వా వరికి కొట్టిన మందుల అవశేషాలు అందులో ఉండొచ్చు, తడి తగిలితే బూజు పడుతుంది. అప్పుడు కంట్రోల్ ఎలుకలు కూడా కొంత విషంలోనే బతుకుతున్నట్టు. గ్రూపుల మధ్య తేడా చెరిగిపోయి, హాని చేసే మందు సేఫ్ అని తేలే ప్రమాదం ఉంది. ఆటోక్లేవ్ చేస్తే (ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉడికిస్తే) క్రిములు చస్తాయి కానీ మందు అవశేషాలు పోతాయని నమ్మలేం.

ఆ మధ్య ఒకమ్మాయి రమ్మంటే వెళ్ళి చూశాను. మందు పెట్టిన ర్యాకు పడమటి కిటికీ పక్కన, కంట్రోల్ ర్యాకు ఏసీ కింద. మధ్యాహ్నం మూడింటికి కిటికీ పక్క ఎలుకలు పొట్ట ఆన్చి, కాళ్ళు బార్లా చాపి పడి ఉన్నాయి. మెడ కింద బొచ్చు తడి, నీళ్ళ సీసాలు ఖాళీ. బరువు తగ్గింది మందు వల్లా, ఎండ వల్లా? ఎవరూ చెప్పలేరు. పాపం, ఏడ్చేసింది. పంజరాలు ఎక్కడ పెట్టాలో ఆ అమ్మాయికి చెప్పినవాళ్ళే లేరు. రెండు గ్రూపుల పంజరాల్నీ చీటీలు తీసి కలిపి పెట్టండి. వారానికోసారి చోట్లు మార్చండి. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రోజూ రాసుకోండి. దీనికి గ్రాంటు అక్కర్లేదు.

అపోహ: గూడుకి కాగితం ముక్కలిస్తే డేటా పాడవుతుంది.

వాస్తవం: అందరికీ ఒకేలా ఇస్తే పాడవదు. 22 డిగ్రీలు చిట్టెలుకకి చలే, దానికి హాయి 30 దగ్గర. కాగితం ఉంటే గూడు కట్టుకుని వెచ్చగా ఉంటుంది.

అపోహ: పంజరంలో ఎన్ని ఉన్నా ఒకటే.

వాస్తవం: గుంపుగా ఉంచిన చిట్టెలుకలు ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందు తక్కువ మోతాదుకే చనిపోతాయని 1946లోనే ఛాన్స్ అనే శాస్త్రవేత్త చూపించారు.

అపోహ: ల్యాబ్‌లో ఎలుకల్ని చంపిన మందుకి మా పొలం గట్టు మీద ఎలుకలు చావలేదు, అమ్మింది నకిలీ.

వాస్తవం: ఈ పుకారు విని విని విసుగొచ్చింది. పంజరంలో చాలాసార్లు మందు కలిపిన ఎర తప్ప వేరే తిండి ఉండదు. చేలో పాలు పోసుకున్న కంకి ఉండగా నూకల ఎర దానికెందుకు? పైగా బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక ఆ రోజే చావదు, కొన్ని రోజులు పడుతుంది, చాలావరకు బొరియలోనే పోతుంది. డీలరుతో గొడవకి దిగే ముందు ఎర ఏ దశలో పెట్టారో చూసుకోండి. వరి పొట్టకి రాకముందే పెట్టాలి.